కణేకల్లు పెట్టిన చీర

ఆ చీర మా ఇంట్లో అడుగు పెట్టిన రోజే నాకు నచ్చలేదు. ఎర్ర గళ్ల చీర, ఆకుపచ్చ అంచు, గంజి పెట్టినట్టు అట్టలా బిగుసుకుపోయి ఉంది. కణేకల్లు బయ్యన్న గారి కారు డ్రైవరు పెళ్లి పత్రికతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చిపోయాడు. పసుపు లేదు, కుంకుమ లేదు, పక్కన ఒక పండైనా లేదు. ఇంటి ఇల్లాలు కావలసిన మనిషికి పెట్టే చీర ఎక్కడైనా అలా వస్తుందా? నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాటే మా వదిన నల్లమ్మతో అనేశాను.

"నీకు అన్నిట్లో తప్పులే కనపడతాయి మల్లీ," అంది వదిన. "కొడుకు పెండ్లి పనుల్లో మునిగింటాది ఆయమ్మ. డ్రైవరు చేతికి పసుపు కుంకాలిచ్చి పంపుతారా? పో, దేవుని కాడ పెట్టి, బొట్టు పెట్టి నువ్వే నా చేతికియ్యి."

దేవుడి పటం ముందు పెట్టి, బొట్టు పెట్టి ఇచ్చాను. వదిన కళ్లకు అద్దుకుంది. ఆ అద్దుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నల్లమ్మ మా అన్న సోమప్ప భార్య. నన్ను పుట్టిన ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మాది ఉరవకొండ పక్క మెట్ట పల్లె. వాన పడితే చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తాం, పడకపోతే గొర్రెల్ని నమ్ముకుంటాం. అలాంటి మాకూ, పెద్ద కాలువ కింద వరిమళ్లున్న కణేకల్లు బయ్యన్న ఇంటికీ స్నేహమేమిటని మీరు అడగొచ్చు. ఊళ్లో అందరూ అడిగారు.

మా అన్న గొర్రెలమ్మి కొడుకు జయరాంను అనంతపురంలో హాస్టలున్న కాలేజీలో ఇంటర్‌కు చేర్చాడు. ఆదివారం వస్తే తల్లిదండ్రులు క్యారియర్లు పట్టుకుని పిల్లల్ని చూడడానికి పోవాలి. వాచ్‌మన్ ఎవరినీ గేటు దాటనివ్వడు. పిల్లలే బయటికి వస్తారు. ఎదురుగా కానుగ చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని అందరూ అక్కడే తినాలి. కారులో వచ్చినవాళ్లయినా, బస్సులో నిలబడి వచ్చినవాళ్లయినా అదే మట్టి, అవే చీమలు. మా దుప్పటి పక్కన పడింది రామసుబ్బమ్మ గారి దుప్పటి. ఆమె బయ్యన్న భార్య. వాళ్ల చైతన్యదీ మా జయరాందీ ఒకే గది.

మొదటి ఆదివారమే చైతన్య వాళ్లమ్మ తెచ్చిన పులిహోర, బొబ్బట్లలాంటి ఓళిగలు వదిలేసి మా వదిన క్యారియర్లో చెయ్యి పెట్టాడు. రాగి సంగటి, మేం పుంటికూర అనే గోంగూర పప్పు, వేయించిన చెనిక్కాయలతో రుబ్బిన ఊరుబిండి. వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. రామసుబ్బమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఓరి నీ! కాలువ నీళ్ల అన్నం చేదయిపోయిందారా నీకు?" అని కొడుకును ఒక్కటేసి, మా వదిన వైపు తిరిగింది. "ఏమ్మే, మీ ఉరవకొండ పక్క మబ్బు కనపడితే బడికి సెలవిస్తారంట, నిజమేనా?"

మా వదిన ఊరుకునే రకమా? "మా మాట అట్లుండనీలే అక్కా. మీ కణేకల్లులో దోమలు మనుషుల్ని ఎత్తుకోని పోతాయంట గదా. మీ ఆయన్ని మంచానికి కట్టేసి వచ్చినావా, లేదా?"

ఆ చెట్ల కింద ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. రామసుబ్బమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అబద్ధం ఎందుకు, నేనూ నవ్వాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇదే తంతు. మీ బోరులో నీళ్లు పడితే పేపర్లో వేస్తారంట అని ఆమె. మీ ఊళ్లో కప్పల అరుపులకు కాపురాలే సాగవంట అని ఈమె. ఆమె సంగటి తినేది, ఈమె ఓళిగ తినేది. ఎవరి క్యారియరు ముందు ఖాళీ అయితే ఆ ఊరు గెలిచినట్టు లెక్క.

"ఇట్లగాదు నల్లమ్మా," అంది ఒకనాడు రామసుబ్బమ్మ. "నా కొడుకు పెండ్లిలో తేలుస్తా చూడు. ఒక పక్క మా కణేకల్లు అన్నం, ఒక పక్క మీ ఉరవకొండ సంగటి. జనం దేనికి ఎగబడతారో ఆ ఊరు గెలిచినట్ల."

"పందెమా అక్కా?"

"పందెమే!"

ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. నా కళ్ల ముందే.

ఇంకొక సంగతీ నా కళ్ల ముందే జరిగింది. వదిన ఒకసారి, "మా ఇంటికి ఒక పొద్దు రాక్కా, మా గొర్రెపిల్లల్ని చూద్దువు," అంది. రామసుబ్బమ్మ నవ్వి, "మీ ఊరికి దారుండాదామ్మే? ఒంటె మీద రావల్లనా?" అంది. మళ్లీ అందరూ నవ్వారు. వదిన అందరికంటే గట్టిగా నవ్వింది. పిలిచిన పిలుపు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆమె వస్తానని చెప్పనేలేదు. ఆ మాట గుర్తు చేస్తే వదినకు కోపం వచ్చేది.

పిల్లల ఇంటరయింది. చైతన్య బెంగళూరు పోయాడు. మా జయరాం డిగ్రీ మధ్యలో వదిలేసి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరాడు. దారాలు కత్తిరించే పని నుంచి మొదలుపెట్టి ఇప్పుడు కటింగ్ మాస్టరయ్యాడు. రెండిళ్ల మధ్య రాకపోకలు లేకపోయినా ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. చెనిక్కాయ పీకిన ప్రతిసారీ వదిన ఒక మూట బస్సులో వేసి కణేకల్లు పంపేది. అక్కడి నుంచి కొత్త బియ్యం మూట వచ్చేది. పండగకు ఫోను. ఫోనులో మళ్లీ కప్పలు, మబ్బులు, దోమలు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

జయరాంకు రాయదుర్గంలో ఒక సంబంధం చూస్తున్నారు. పిల్ల పేరు శశి. తండ్రి గంగాధర్‌కు సొంత కుట్టు యూనిట్ ఉంది, మాకు దూరపు చుట్టమే. పిల్ల ఆ యూనిట్లో కూర్చుని లెక్కలు చూస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు. మావాడైతే ఇంటికొచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని గొర్రెల దొడ్డి వెనక్కి పోతే గంటకు గాని ఇవతలికి రాడు. గంగాధర్‌కూ పిల్లోడు నచ్చాడు. ఎటొచ్చీ తల్లి హేమలత దగ్గరే చిక్కు.

ఇల్లు చూడడానికని వచ్చింది మహాతల్లి. మేం వేసిన కుర్చీని సంచిలోంచి రుమాలు తీసి తుడుచుకుని కూర్చుంది. నీళ్లిస్తే, "వద్దులే, మేం బాటిలు తెచ్చుకున్నాం," అంది. వాళ్ల తాత ఈ మెట్టలోనే గొర్రెలు కాసినవాడు. రెండు తరాలు మిషను మీద కూర్చుంటే రాయదుర్గం వాళ్లకు మట్టి కంటికి ఆనదు.

"పిల్లోడు బాగుండాడు, పనిమంతుడు. నేను కాదన్ను," అంది హేమలత, మా ఇంటి పైకప్పు చూస్తూ. "అయితే రేపు మా చుట్టాలు అడుగుతారు గదా. పిల్లను యాడిచ్చినారంటే ఏమని చెప్పల్ల? మెట్టలో గొర్రెలోళ్లింటికి అని చెప్పల్లనా?"

నేను నోరు తెరిచేలోపే మా వదిన అందుకుంది. "కణేకల్లు బయ్యన్న భార్య నాకు అక్క మాదిరమ్మా. రామసుబ్బమ్మక్క. కొడుకు పెండ్లికి నేను పోకుంటే తాళే కట్టనీదంట."

హేమలత చూపు పైకప్పు నుంచి దిగి వదిన మొహం మీదికి వచ్చింది. "బయ్యన్నన్న ఇంటోళ్లా? నిజంగానా? మాకూ పత్రికొచ్చిందే! మా ఆయనకు ఆయనతో ఎన్ని పనులుంటాయో." కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. "అయితే ఇంకేంటికి, ఆ పెండ్లిలోనే కలుస్తాం. రామసుబ్బమ్మక్క ముందరే మాట ఇచ్చేస్తాం. అంత పెద్ద మనిషి మధ్యలో ఉంటే మాకూ మర్యాదగా ఉంటాది."

అలా కుదిరింది. పెళ్లి చైతన్యదే అయినా, ఆ పూట తేలవలసింది మా జయరాం సంగతి. వదిన రామసుబ్బమ్మ పక్కన కూర్చుని కనపడాలి, హేమలత చూడాలి. అంతే.

పెళ్లికి ముందు రామసుబ్బమ్మ ఫోను చేసింది. వదిన స్పీకరు పెట్టింది, నేను వినాలని.

"నల్లమ్మా, చీర అందిందా? అదే కట్టుకోని రావల్ల, తెలిసిందా? నీ సంగటి కట్టె మర్చిపోవద్దు. పది కొట్టేలోపల ఈడుండల్ల నువ్వు. నువ్వు లేకుంటే నా కొడుకు పెండ్లే లేదు!"

"పందెం గుర్తుండాదా అక్కా?" అని అడిగింది వదిన.

"లేకుండా పోతాదా? తేలుస్తాం పద!"

వదిన మొహం చూడాలి అప్పుడు. "చూస్తివా మల్లీ? అంత పెద్దింట్లో ఉండి కూడా ఎన్నేళ్ల మాట గుర్తు పెట్టుకుందో."

"పెండ్లికి పిలిచినోళ్లని పొద్దున్నే రమ్మంటారా? కట్టె తెమ్మంటారా? ఇదే చీర కట్టుకో అంటారా?" అన్నాను నేను.

"నీకు కుళ్లు," అంది.

కుళ్లేనేమో అని నేనూ నోరు మూసుకున్నాను. జయరాం రాయదుర్గంలో మంచి చోట రవిక కుట్టించి తెచ్చాడు, చేతులకు ఆ చీర అంచే వేయించి. పెళ్లికూతురికి వెండి కుంకుమ భరిణ కొన్నాం. గొర్రెల్ని వదిలి మా అన్న రాలేడు, పెద్ద ఆర్డరుందని జయరాంకు సెలవు దొరకలేదు. నేనూ వదినా బయలుదేరాం. సంగటి కెలికే కట్టెను కడిగి, నూనె రాసి, పాత తువ్వాలులో చుట్టి చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది.

కణేకల్లు దగ్గర పడేసరికి దారికి రెండు పక్కలా వరి పచ్చగా ఊగుతోంది. "మన కన్ను పడతాదేమో, నువ్వు అట్ల చూడొద్దు," అని వదిన నవ్వింది. అదే ఆ రోజుకు ఆమె చివరి నవ్వు. ఫోటోల కోసం నవ్వినవి నేను లెక్కలో వేసుకోను.

పెళ్లి వాళ్ల కొబ్బరి తోటలోనే. పూల కమాను, రెండు పక్కలా ఫౌంటెన్లు. కమాను కింద పన్నీరు చల్లుతున్న ఇద్దరు ఆడపిల్లల్ని నేనే ముందు చూశాను. ఎర్ర గళ్ల చీర, ఆకుపచ్చ అంచు. తర్వాత మంచినీళ్ల ట్రేలు మోస్తున్న ఆమెను చూశాను. తర్వాత విస్తళ్లు ఎత్తుతున్న ఆమెను. అందరి ఒంటి మీదా అదే చీర.

వదిన కూడా చూసింది. ఆమె చెయ్యి మెల్లగా కొంగు మీదికి పోయింది. "అందరికీ పెట్టినట్లుంది మల్లీ," అంది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

ఇంతలో చెవిలో ఫోను ముక్క పెట్టుకున్న ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. పెళ్లి ఏర్పాట్లు చూసే కంపెనీ మనిషి. వదిన చీర చూసింది, చేతిలో కట్టె చూసింది. "సంగటి అమ్మ మీరేనా? లేటయిపోయిందండీ, స్టాల్ అటు చివర. పొయ్యి రెడీగా ఉంది." నా వైపు తిరిగింది. "మీరు యూనిఫాం కట్టుకోలేదే?"

"నేను పెండ్లికి వచ్చినా," అన్నాను.

"ఓ, సారీ మేడం. గెస్టులు ఇటు రండి."

వినండి. ఎన్నో ఉతుకులు చూసిన పాత సిల్కు చీర కట్టుకుని, పిలవని పెళ్లికి వదిన వెంట వచ్చిన నేను చుట్టాన్ని. కళ్లకు అద్దుకుని కట్టుకున్న ఆమె కూలిమనిషి.

"పద వదినా, ఇంటికి పోదాం," అని చెయ్యి పట్టుకుని లాగాను.

"పోతే హేమలతకు ఏం చెప్పల్ల? జయరాంకు ఏం చెప్పల్ల?" చెయ్యి విడిపించుకుంది. "ఈ పిల్లకు తెలీదు మల్లీ. అక్కను చూసి ఒక్క మాట మాట్లాడితే అంతా సరిపోతాది."

అక్క రానే వచ్చింది. కంచి పట్టు చీర, మెడ నిండా బంగారం, మొహం నిండా నవ్వు. వదినను రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "వచ్చినావా నల్లమ్మా! రా, రా, నీ కోసరం ఏం చేయించినానో చూడు!"

తోట చివర బోదగడ్డి కప్పిన గుడిసె ఒకటి వేయించింది. పక్కన ఎద్దుల బండి చక్రం, వెలిగించని లాంతరు, ఎండిపోయిన చెనిక్కాయ చెట్ల కట్టలు. గుడిసె నుదుట రంగుల బోర్డు: 'కరువు సీమ కమ్మని రుచి'. లోపల కొత్త మట్టి పొయ్యి, పెద్ద డేగిసా.

"మా వియ్యంకులు బెంగళూరోళ్లు. వాళ్లకిప్పుడు రాగి సంగటంటే ప్రాణం," అంది రామసుబ్బమ్మ ఆయాసపడుతూ. "వంటోళ్లు మేమే చేస్తామన్నారు. నేనొప్పుకోలేదు. నా కాడ అసలైన మనిషి ఉండాది, చూద్దురు గాని అన్నా. నీ పేరు చెప్పి గుడిసె వేయించినా నల్లమ్మా!"

"అక్కా, నేను... పెండ్లి చూద్దామని..."

"చూద్దువులేమ్మే! ఈడి నుంచి మండపం బాగా కనపడతాది."

ఆమె దుర్మార్గురాలయితే తిట్టుకోవడానికి నాకు సులువుగా ఉండేది. కాదు. ఆ మాట ఎంతో ప్రేమగా అంది. మా వదినకు గొప్ప మర్యాద చేశానని మనసారా నమ్ముతోంది. హాస్టలు ముందు మట్టిలో అన్ని ఆదివారాలు పక్కపక్కన కూర్చుని తిన్నా, ఈ మనిషికి చుట్టాల వరసలో కుర్చీ వేయాలన్న ఊహే ఆమెకు రాలేదు. నేను ఇప్పటికీ క్షమించలేనిది అదే.

వదిన తువ్వాలు విప్పి కట్టె బయటికి తీసింది. "సరేలేండి," అంది. "మీరు పోండి, చుట్టాలొస్తాండారు." ఇన్నేళ్లలో రామసుబ్బమ్మను ఆమె 'మీరు' అనడం అదే మొదలు. రామసుబ్బమ్మ అది గమనించలేదు.

వదిన కొంగు నడుముకు బిగించి ఎసరు పెట్టింది. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, పొంగనిచ్చి, కట్టె దించి కెలకడం మొదలుపెట్టింది. జనం మూగారు. ఫోన్లు బయటికి వచ్చాయి. నల్ల కళ్లద్దాల పిల్లలు ఆమె పక్కన నిలబడి, "అమ్మా, కొంచెం ఇటు చూడండి, నవ్వండి," అన్నారు. వదిన ఇటు చూసింది, నవ్వింది. చెమట కారి రవిక తడిసిపోయింది. జయరాం ముచ్చటపడి కుట్టించిన రవిక.

మండపంలో తాళి కట్టేటప్పుడు వాయిద్యాలు హోరెత్తాయి. వదిన చేతికి పిండంటుకుని ఉంది. గుడిసెలోంచే అక్షింతలు లేకుండా రెండు చేతులూ ఎత్తి దీవించింది. తర్వాత నా సంచి వైపు చూసి, "భరిణ తీసుకుపోయి ఆ పిల్ల చేతిలో పెట్టు మల్లీ. పిలిచిన పెండ్లి గదా," అంది.

వరసలో నిలబడి ఇచ్చి వచ్చాను. చైతన్య నన్ను గుర్తుపట్టాడు. "నల్లమ్మత్త స్టాల్ ఎట్లుండాది? ఐడియా నాదే!" అని మురిసిపోయాడు. పెళ్లిపీటల మీది పిల్లోణ్ణి ఏమంటాం? తల ఊపి దిగాను.

దిగేసరికి వాళ్లు కనిపించారు. ముందు రామసుబ్బమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని హేమలత, వెనకాల గంగాధర్, శశి. సూటిగా గుడిసె వైపే పోతున్నారు. గంగాధర్ బోర్డు చూశాడు, వదినను చూశాడు, తల తిప్పేసుకుని ఐస్‌క్రీం దగ్గరికి పోయాడు. శశి తల్లి వెనక నిలబడి ప్లేటులోకి చూడసాగింది. నేను జనాన్ని తోసుకుని చేరుకున్నాను.

వదిన కట్టె వదిలేసి, చేతులు తుడుచుకుని, "రాండమ్మా," అంటూ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఈమెనే నేను చెప్పిన నల్లమ్మ," అంది రామసుబ్బమ్మ. "ఉరవకొండ పక్క. మా ఇంటి మనిషే అనుకో."

హేమలత చీర చూసింది. పక్కన నీళ్లు పోస్తున్న ఆమె చీర చూసింది. అన్నీ చూశాక మొహం చూసింది. "ఆఁ... యాడనో చూసినట్లుండాది," అంది.

నా వల్ల కాలేదు. "యాడనో కాదమ్మా, వాళ్లింట్లోనే చూసినావు! కుర్చీ తుడుచుకోని కూర్చుంటివే, అంతలోనే మర్చిపోయినావా?"

రామసుబ్బమ్మ ఆశ్చర్యంగా చూసింది. "అరే, మీకు ముందే తెలుసా?"

"పని మీద ఒకసారి వాళ్ల పల్లెకు పోయింటిమిలే అక్కా," అంది హేమలత, కనురెప్పైనా ఆడించకుండా. ప్లేటు ముందుకు చాపింది. వదిన చెయ్యి తడి చేసుకుని ముద్ద చేసి వేసింది. హేమలత ఒక తునక తుంచి ఊరుబిండిలో అద్ది నోట్లో పెట్టుకుంది. "అబ్బా! ఎంత బాగుండాదో. అక్కా, మా శశి పెండ్లికి కూడా ఈమెనే పంపించండి. ఇట్లే గుడిసేసి పెడతాం."

"దానికేమి! నేను చెప్తే కాదంటాదా?" అని నవ్వింది రామసుబ్బమ్మ. "ఏమ్మే నల్లమ్మా, పోయొస్తావు గదా?"

శశి తల ఎత్తలేదు. పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. నేను మళ్లీ నోరు తెరిచాను. వదిన తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"పెండ్లి ఎవురితో కుదిరిందమ్మా?" అని అడిగింది హేమలతను.

"ఇంకా చూస్తాండాం. మంచిది చూసి చేయల్ల గదా."

"చేయండి," అంది వదిన. శశి ప్లేటులో ఇంకో ముద్ద పెట్టింది. "బాగా తినమ్మా. ఊరుబిండి కారముంటాది, నెయ్యేసుకో."

వాళ్లు కదిలిపోయారు. ఆ పిల్ల రెండు మూడు సార్లు వెనక్కి తిరిగి చూసింది. చూస్తే ఏం లాభం!

జనం ఇంకా వస్తూనే ఉన్నారు. అన్నాల బల్లల దగ్గర వడ్డించేవాళ్లు ఊరికే నిలబడి ఉన్నారు. గుడిసె ముందు వరస కొబ్బరి చెట్ల దాకా పోయింది. మధ్యాహ్నం వాలుతుండగా రామసుబ్బమ్మ మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చింది, మంగళహారతి పళ్లెం పట్టిన ఆడవాళ్లను కూడా వెంటేసుకుని.

"చూస్తివా నల్లమ్మా! మా సన్నబియ్యం అన్నం అట్లే మిగిలింది. అందరూ నీ కాడనే! నేనోడిపోయినా, ఒప్పుకుంటాండా. కణేకల్లు ఓడింది, ఉరవకొండ గెలిచింది!" అని చప్పట్లు కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లంతా కొట్టారు. వదిన భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగింది. ఆ ఫోటోలో వదిన నవ్వుతూనే ఉంది, నేను చూశాను.

"మీ వాళ్ల భోజనాలు వెనకాల పెట్టారండీ," అని కంపెనీ అమ్మాయి వచ్చి చెప్పింది. వదిన వెనక్కి పోలేదు. నేనూ తినలేదు. కట్టె కడుక్కుని తువ్వాలులో చుట్టుకుంది. కమాను దాటుతుంటే డ్రైవరు వచ్చి ఒక బియ్యం మూట మా కాళ్ల దగ్గర పెట్టాడు. "అమ్మ ఇయ్యమంది." ప్రతి ఏడూ వచ్చే మూటే. అదే గోనె సంచి, అదే దారం.

"ఆడనే పారేసి రా," అన్నాను వదినతో.

"ఇంట్లో బియ్యం అయిపోయినాయి," అంది. నెత్తిన పెట్టుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో ఒకామె చీర వైపు చూసి, "పెండ్లిలో వడ్డనకు పోయింటిరా?" అని అడిగింది. వదిన ఔనంది. వరిమళ్లు అయిపోయాయి. రోడ్డు పక్క ఎర్ర నేలలు మొదలయ్యాయి, ఇంకా వాన చూడని చేలు. అప్పుడు మోగింది ఫోను. జయరాం.

"అమ్మా, బస్సెక్కినారా? వాళ్లొచ్చినారా?" వాడి వెనక మిషన్ల రొద. అరిచి మాట్లాడుతున్నాడు, నాకూ వినిపిస్తోంది.

"వచ్చినారు నాయనా. తిన్నారు. బాగుండాదన్నారు."

"రామసుబ్బమ్మత్త ముందరే మాట్లాడినారా? ఏమనిరి?"

వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "ఉరవకొండ గెలిచిందంట లేరా," అంది.

అటు నుంచి పిల్లోడు ఒక్క కేక పెట్టాడు. మిషన్ల రొద ఆగింది. వాడి పక్కనున్న వాళ్లెవరో ఈలలు వేస్తున్నారు. "నాకు తెల్సమ్మా! శశి ఫోనెత్తకుంటే సిగ్గుపడుతుందనుకుంటాండా! ఎప్పుడంట? ముహూర్తం ఏమన్నా అనుకున్నారా?"

వదిన ఫోను నా చేతిలో పెట్టి, ఎర్ర గళ్ల కొంగు మొహం మీదికి లాక్కుంది. "నువ్వు చెప్పు మల్లీ. నీకు మాటలొస్తాయి," అంది.

ఇన్ని మాటలున్న నాకు ఆ ఒక్క మాట దొరకలేదు. "అత్తా, చెప్పత్తా, ఎప్పుడంట?" అని పిల్లోడు నవ్వుతూ అడుగుతూనే ఉన్నాడు.